పొడి కళ్లకి కిడ్నీ మార్పిడి మందు ఎందుకు?

ఇవాళ్టి కథ ఒక కంటి చుక్కల మందుది. కళ్లు మండుతున్నాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్నాయి అని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఆయన రెప్ప కింద ఒక కాగితం ముక్క పెట్టి చూసి, డ్రై ఐ అంటారు. మామూలు లూబ్రికెంట్ చుక్కలతో పాటు ఇంకో చిన్న సీసా కూడా రాస్తారు. ఇంటికొచ్చి ఆ సీసా మీదున్న పేరు, సైక్లోస్పోరిన్ అని, ఫోన్‌లో కొడతాం. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి ఇమ్యూనిటీ తగ్గించడానికి ఇచ్చే మందు అని వస్తుంది. ఇంకేముంది, గుండెల్లో రాయి పడుతుంది. కళ్లలో నీళ్లు తక్కువైతే ఇమ్యూనిటీ తగ్గించడమేంటి? చాలామంది ఆ సీసా మూత అక్కడే బిగించేస్తారు. కొంతమంది ధైర్యం చేసి వేసుకుంటారు, రెండు వారాలు మంట భరిస్తారు, ఏ తేడా కనపడక పక్కన పడేస్తారు.

ఈ ఎపిసోడ్ ఆ రెండు రకాల వాళ్ల కోసం. ఆ మందు ఆ సీసాలోకి ఎలా వచ్చిందో తెలిస్తే, ఎందుకు రాశారో అర్థమవుతుంది, రెండు వారాల్లో ఎందుకు పని చెయ్యదో కూడా అర్థమవుతుంది. ఇందులో నార్వే మట్టి ఉంది, స్వీడన్ డాక్టర్ ఒకాయన ఉన్నాడు, జార్జియా రాష్ట్రంలో కుక్కలున్నాయి, మన ఆముదం ఉంది, చివర్లో అమెరికాలో ఒక ఆదివాసీ తెగ కూడా వస్తుంది. నేను కల్పించింది ఏమీ లేదు, అంతా నిజంగా జరిగిందే.

ముందు ఆ కాగితం ముక్క సంగతి. దాన్ని షిర్మర్ టెస్ట్ అంటారు. ఆటో షిర్మర్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1903లో పెట్టిన పద్ధతి. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల పొడవున్న వడపోత కాగితాన్ని కింది రెప్పకి తగిలించి 5 నిమిషాలు ఆగుతారు. కాగితం ఎంత దూరం తడిసిందో కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు కూడా తడవలేదంటే కన్నీళ్లు బాగా తక్కువున్నట్టు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఇదే వాడుతున్నారు. ఇంత పాత టెస్టు ఇంకా ప్రొడక్షన్‌లో ఉందంటే మా సాఫ్ట్‌వేర్ వాళ్లు కుళ్లుకోవాలి. ఈ టెస్టుని గుర్తుపెట్టుకోండి, కోట్ల డాలర్ల నిర్ణయాలు ఈ కాగితం మీదే జరిగాయి.

ఇప్పుడు స్వీడన్ వెళ్దాం. హెన్రిక్ షోగ్రెన్. 1899లో పుట్టాడు, కంటి డాక్టర్. 1930 ప్రాంతంలో ఆయన దగ్గరికి ఒక ఆవిడ వచ్చింది. కళ్లు పొడి, నోరు పొడి, దానికి తోడు కీళ్ల నొప్పులు. మామూలుగా అయితే కంటి డాక్టర్ కన్ను చూసి, కీళ్ల సంగతి వేరే డాక్టర్‌కి చూపించుకోమంటాడు. షోగ్రెన్ అలా వదల్లేదు. అలాంటి వాళ్లని వెతికి వెతికి 19 మంది ఆడవాళ్ల వివరాలు పోగుచేశాడు. అందులో 13 మందికి కీళ్లవాతం ఉంది. 1933లో జర్మన్ భాషలో థీసిస్ సమర్పించాడు. ఆయన చెప్పిందేంటంటే, ఇది ఒక్క కంటి జబ్బు కాదు, ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బు, కన్ను అందులో ఒక భాగం మాత్రమే.

ఆ థీసిస్‌కి ఏమైందో తెలుసా? యూనివర్సిటీలో పాఠాలు చెప్పే హోదా రావాలంటే కావాల్సినంత గ్రేడు రాలేదు. ఆయన ఒక ఊళ్లో కంటి డాక్టర్‌గా పని చేసుకుంటూ ఉండిపోయాడు. బ్రూస్ హామిల్టన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ 1943లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక గానీ ప్రపంచానికి తెలియలేదు. స్వీడన్ ప్రభుత్వం 1961లో ఆయనకి గౌరవంగా ప్రొఫెసర్ అనే బిరుదు ఇచ్చింది. థీసిస్ ఇచ్చిన 28 ఏళ్లకి అన్నమాట. ఇప్పుడు ఆ జబ్బుని షోగ్రెన్ సిండ్రోమ్ అనే పిలుస్తున్నారు. మన ఒంట్లో రక్షణకోసం ఉన్న తెల్లకణాలే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తాయి. ఇంటికి కాపలా పెట్టిన కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు.

సరే, షోగ్రెన్ జబ్బున్నవాళ్ల సంగతి అది. మరి ఆ జబ్బు లేకుండా కళ్లు ఎండిపోయినవాళ్లు? వాళ్లే కదా ఎక్కువ. వాళ్ల విషయంలో డాక్టర్ల ఆలోచన చాలాకాలం ప్లంబింగ్ ఆలోచనే. ట్యాంకులో నీళ్లు తక్కువున్నాయా, బయటినించి పొయ్యి. అవే కృత్రిమ కన్నీళ్లు. నీళ్లు తొందరగా పోతున్నాయా, తూము మూసెయ్యి. కంటి మూలలో కన్నీరు ముక్కులోకి దిగే చిన్న రంధ్రం ఉంటుంది, దానికి బిరడా పెడతారు. 1995లో అమెరికాలో నిపుణులంతా కూర్చుని డ్రై ఐ అంటే ఏంటో ఒక నిర్వచనం రాశారు. కన్నీరు తగ్గడం వల్లో, ఎక్కువగా ఆవిరైపోవడం వల్లో కన్నీటి పొరకి వచ్చే రుగ్మత అన్నారు. అందులో ఇమ్యూనిటీ మాట లేదు, వాపు మాట లేదు. 2007లో మళ్లీ అంతర్జాతీయంగా కూర్చుని రాసిన నిర్వచనంలో మాత్రం కంటి ఉపరితలం మీద వాపు అనే మాట వచ్చి చేరింది. ఈ రెండిటి మధ్య పన్నెండేళ్లలో ఏం జరిగిందనేదే మన కథ. కాకపోతే అది ఇంకా వెనక మొదలైంది.

స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరంలో శాండోజ్ అనే మందుల కంపెనీ. వాళ్లకి ఒక అలవాటు ఉండేది. ఉద్యోగులు సెలవుల మీద ఎక్కడికెళ్లినా సరే, అక్కణ్ణుంచి కాస్త మట్టి సంచిలో వేసుకుని రావాలి. మట్టిలో ఉండే బూజుల్లోంచి కొత్త యాంటీబయాటిక్ ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ. 1969లో హాన్స్ పీటర్ ఫ్రే అనే ఉద్యోగి నార్వేలో హర్డాంగెర్‌విద్దా అనే పీఠభూమికి వెళ్లి మట్టి తెచ్చాడు. అందులో ఒక శిలీంధ్రం దొరికింది. అది తయారుచేసే పదార్థం వేరే బూజుల్ని చంపుతుందేమో చూశారు. అంతంతమాత్రంగా చంపింది. మామూలుగా అయితే అక్కడితో చెత్తబుట్టలోకే.

కానీ ఆ కంపెనీలో హార్ట్‌మన్ స్టేహలిన్ అనే ఆయన ప్రతి కొత్త పదార్థాన్నీ రకరకాల పరీక్షల గుండా పంపే ఏర్పాటు ఒకటి చేసి పెట్టాడు. 1972 జనవరిలో అందులో తేలింది, ఈ పదార్థం ఎలుకల్లో ఇమ్యూనిటీ ప్రతిస్పందనని అణిచేస్తోందని. అప్పటిదాకా ఉన్న ఇమ్యూనిటీ మందులు వేగంగా పెరిగే కణాల్నన్నిటినీ కలిపి చంపేవి, ఎముక మజ్జ కూడా దెబ్బతినేది. ఇది అలా కాదు, ప్రత్యేకంగా టీ కణాలు అనే ఒక రకం తెల్లకణాల్ని మాత్రం నిద్రపుచ్చుతోంది. జాఁ ఫ్రాన్స్వా బోరెల్ అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకుని ముందుకి తీసుకెళ్లాడు. అసలు కనిపెట్టింది స్టేహలినా, బోరెలా అని వాళ్లిద్దరి మధ్య తర్వాత దశాబ్దాల పాటు గొడవ నడిచింది. ఆ గొడవ మీద తీర్పు చెప్పే పని మనకొద్దు.

మన కథకి కావాల్సింది ఇంకోటి. ఈ మందు నీళ్లలో కరగదు. మనుషులకి మొదట ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరనే లేదు. అప్పుడు బోరెల్, ఇంకో ఇద్దరు సహోద్యోగులు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు, ముగ్గురూ మూడు రకాలుగా మింగారు. బోరెల్ ఆల్కహాల్‌లో కలుపుకుని తాగాడు. ఆయన రక్తంలోనే మందు బాగా కనిపించింది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ అనే సర్జన్ దగ్గర పనిచేస్తున్న గ్రీకు డాక్టర్ ఆల్కిస్ కొస్టాకిస్ అయితే ఆలివ్ నూనెలో కరిగించి ఎలుకలకి గుండె మార్పిడి చేసి చూశాడు. అవి అనుకున్నదానికంటే ఎక్కువకాలం బతికాయి. 1978లో కాన్ ఈ మందుతో మనుషుల్లో కిడ్నీ మార్పిడులు చేశాడు. 1983లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మార్పిడి ఆపరేషన్ల చరిత్రని సైక్లోస్పోరిన్‌కి ముందు, తర్వాత అని విడదీసి చెప్తారు.

అంటే మీ గూగుల్ తప్పు చెప్పలేదు. ఇది ఆ మందే.

ఇక జార్జియా. అక్కడి యూనివర్సిటీలో రెనీ కాస్వాన్ అని పశువుల కంటి డాక్టర్. కాకర్ స్పానియల్, బుల్‌డాగ్ లాంటి జాతి కుక్కలకి కళ్లు ఎండిపోవడం చాలా మామూలు. కన్ను ఎర్రబడి, జిగురు కట్టి, చివరికి నల్లగుడ్డు మీద మచ్చ పడి చూపు పోతుంది. అప్పట్లో దానికి చేసే ఆపరేషన్ వింటే ఆశ్చర్యపోతారు. చెంపలో ఉండే లాలాజలం గొట్టాన్ని దారి మళ్లించి కంటిలోకి పెట్టేవాళ్లు. కన్నీటి బదులు ఉమ్మి. కన్ను తడుస్తుంది, కాదనలేం, కానీ కుక్క భోజనానికి కూర్చుంటే కళ్లలోంచి ధారగా కారేది. చూశారా, ఇది కూడా ప్లంబింగే.

కాస్వాన్ అడిగిన ప్రశ్న వేరు. అసలు గ్రంథి ఎందుకు ఆగిపోతోంది? కుక్కలకి మూడో రెప్ప ఉంటుంది, దాని అడుగున కన్నీటి గ్రంథి ఉంటుంది. అందులోంచి ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే తెల్లకణాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. షోగ్రెన్ జబ్బున్న మనుషుల గ్రంథుల్లో కనిపించేదీ దాదాపు ఇదే. అంటే ట్యాంకు ఎండిపోలేదు, ట్యాంకుని ఎవరో ముట్టడించారు. ముట్టడించినవాళ్లు టీ కణాలైతే, టీ కణాల్ని నిద్రపుచ్చే మందు అప్పటికే కొత్తగా మార్కెట్లోకి వచ్చి ఉంది. ఆవిడ దాన్ని నూనెలో కరిగించి కుక్క కంట్లో చుక్కలుగా వేసింది. కుక్కకి సొంత కన్నీళ్లు మళ్లీ వచ్చాయి.

ఇది చిన్న విషయం కాదు. అప్పటిదాకా ఏ చుక్కల మందైనా బయటి నీళ్లు పొయ్యడమే, గ్రంథి మళ్లీ పనిచెయ్యడం కాదు. కన్నీటి ఉత్పత్తి పెంచే పద్ధతి అని 1989 జూన్‌లో ఆవిడ పేరుతో పేటెంట్ వచ్చింది. అదే ఏడాది మనుషుల కంటి డాక్టర్లు చదివే పత్రికలో, కుక్కల డ్రై ఐ మనుషుల డ్రై ఐకి మంచి నమూనా అని వ్యాసం రాసింది. 1995లో కుక్కల కోసం 0.2 శాతం సైక్లోస్పోరిన్ ఆయింట్‌మెంట్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే ఈ చికిత్స మనుషుల కంటే ఏడేళ్లు ముందు కుక్కలకి అందింది. ఇంకో సంగతి, ఆ మందు ఆపేస్తే చాలా కుక్కల్లో కళ్లు మళ్లీ ఎండిపోతాయి. ఆపరేషన్ చేసి బాగుచేసినట్టు కాదు, ముట్టడిని అలా ఆపి ఉంచడమే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. సైక్లోస్పోరిన్ కణం లోపల అసలు ఏం చేస్తుందో కాస్వాన్ పేటెంట్ నాటికి ఎవరికీ పూర్తిగా తెలీదు. 1991లో తేలింది. అది కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. దాంతో టీ కణం ఇంటర్‌ల్యూకిన్-2 అనే సందేశాన్ని తయారుచెయ్యలేదు. ఆ సందేశం ఏంటంటే 'అందరూ పెరగండి, రండి' అని తోటి టీ కణాలకి వేసే కేక. కేక వెయ్యలేని సైనికుడు ఒంటరి అయిపోతాడు, గుంపు పెరగదు. కానీ అప్పటికే అక్కడ చేరి కూర్చున్న గుంపు ఉంది కదా, అది ఒక్క రోజులో మాయం కాదు. కొత్తవాళ్లు రావడం తగ్గి, పాతవాళ్లు మెల్లగా పోవాలి. ఆ తర్వాత గ్రంథి, కంటి పైపొర కోలుకోవాలి. రెండు వారాల్లో తేడా కనపడకపోవడానికి కారణం ఇదే. చాలామందికి నెలలు పడుతుంది, అధ్యయనాల్లో కొలిచింది కూడా ఆరు నెలల దగ్గర.

కుక్క నుంచి మనిషికి రావడం అంత సులభంగా జరగలేదు. నీళ్లలో కరగని మందుని మనిషి కంట్లో వెయ్యాలంటే నూనె కావాలి. పచ్చి నూనె వేస్తే చూపు మసకబారుతుంది, మండుతుంది. అలెర్గాన్ అనే కంపెనీ పేటెంట్ హక్కులు తీసుకుని ఒక తెల్లటి పాలలాంటి ద్రవం తయారుచేసింది. నీళ్లలో నూనెని అతి సన్నటి బిందువులుగా చేసి కలిపారు. ఏ నూనె అనుకుంటున్నారు? ఆముదం. మనవాళ్లు పసిపిల్లల మాడుకి రాసేదే, దీపానికి పోసేదే, అదే గింజల నూనె. ప్రయోగాల్లో మందు లేకుండా ఆ ఆముదం ద్రవం ఒక్కటే వేసుకున్నవాళ్లకి కూడా కాస్త ఉపశమనం వచ్చింది. నూనె పొర కన్నీటిని ఆవిరి కాకుండా కాపాడుతుంది కదా. దాన్ని ఆ కంపెనీ విడిగా లూబ్రికెంట్ చుక్కల కింద అమ్మింది కూడా. ఇది విని ఇంట్లో ఆముదం సీసా ఎత్తి కంట్లో పోసుకోకండి. అది శుద్ధి చేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసినది, వంటింట్లోది కాదు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. పోలిక కోసం ఇచ్చే డమ్మీ మందే పనిచేస్తుంటే అసలు మందు గొప్పతనం ఎలా చూపించడం? సుమారు 877 మందితో ఆరు నెలల అధ్యయనాలు చేసి 2000లో ప్రచురించారు. 1999లో ఎఫ్‌డీఏకి దరఖాస్తు పెడితే వెంటనే ఒప్పుకోలేదు. 2002 డిసెంబర్‌లో గానీ అనుమతి రాలేదు, అదీ షిర్మర్ కాగితం పుణ్యమే. కాగితం 10 మిల్లీమీటర్లు అదనంగా తడవడం అనే లెక్క పెట్టుకుని చూస్తే, 0.05 శాతం మందు వాడినవాళ్లలో సుమారు 15 శాతం మంది ఆ గీత దాటారు, డమ్మీ వాడినవాళ్లలో 5 శాతం మంది. రెస్టాసిస్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

ఈ అంకెల మీద నా అభిప్రాయం చెప్తాను. 15 శాతం అంటే అద్భుతం కాదు. మందు డబ్బా మీద కూడా అంతకు మించి చెప్పలేదు, కన్నీళ్లు తగ్గడానికి వాపు కారణమని అనుమానం ఉన్నవాళ్లకి అని మాత్రమే రాశారు. 5 నించి 15 అంటే మూడు రెట్లు అని ప్రకటనలో వెయ్యొచ్చు. వందలో పదిమందికి అదనంగా మేలు అని కూడా చెప్పొచ్చు. రెండూ నిజమే. నేనైతే రెండోదే చెప్తా. కానీ ఆ పదిమందికి అది సొంత కన్నీరు. అంతకుముందు ఏ మందూ వాళ్లకి ఇవ్వలేనిది.

ఇంతకీ మామూలు డ్రై ఐలో, అంటే షోగ్రెన్ జబ్బు లేనివాళ్లలో, టీ కణాలదే తప్పని రుజువేంటి? ఎండిన కంటి దగ్గర తెల్లకణాలు కనిపిస్తే అవే ఎండబెట్టాయని ఎలా అంటాం? మంట దగ్గర ఫైర్ ఇంజన్ కనిపించిందని ఫైర్ ఇంజనే నిప్పు పెట్టిందంటామా? ఈ సందేహం న్యాయమైనదే. దీనికి 2006లో ఒక ప్రయోగం వచ్చింది. జెర్రీ నీడర్‌కార్న్, మైఖేల్ స్టెర్న్, స్టీఫెన్ ఫ్లుగ్‌ఫెల్డర్ ఆ బృందంలో ముఖ్యులు.

ఎలుకల్ని పొడి గాలి ఉన్న గదిలో పెట్టారు. ఫ్యాను గాలి, తక్కువ తేమ, దానికి తోడు కన్నీరు తగ్గించే మందు. కొన్ని రోజుల్లో వాటికి డ్రై ఐ వచ్చింది. ఎవరికైనా వస్తుంది, అందులో వింత లేదు. ఇప్పుడు ఆ ఎలుకల ఒంట్లోంచి సీడీ4 రకం టీ కణాలు తీశారు. వాటిని వేరే ఎలుకలకి ఎక్కించారు. ఆ రెండో రకం ఎలుకలు పుట్టుకతోనే టీ కణాలు లేనివి. అవి పొడి గదిలో ఒక్క రోజు కూడా ఉండలేదు, వాటి కళ్లు మామూలుగా ఉన్నాయి, గాలి మామూలుగా ఉంది. ఎక్కించిన కణాలు నేరుగా కంటి దగ్గరికి, కన్నీటి గ్రంథి దగ్గరికి వెళ్లి కూర్చున్నాయి. ఆ ఎలుకలకి డ్రై ఐ వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. పొడి గాలి ఒకళ్లకి తగిలింది, జబ్బు ఇంకొకళ్లకి వచ్చింది. మధ్యలో మారింది కణాలు మాత్రమే. ఏసీ గాలి, స్క్రీన్ చూపు లాంటివి మొదటి నిప్పురవ్వ కావచ్చు, కానీ ఒకసారి టీ కణాలు కంటిని శత్రువుగా గుర్తుపెట్టుకున్నాయంటే రవ్వ ఆరిపోయినా మంట ఆగదు. కన్ను ఎండితే వాపు, వాపు వస్తే గ్రంథి దెబ్బతిని కన్ను ఇంకా ఎండడం, అలా తిరుగుతూనే ఉండే లూప్. బయటికొచ్చే కండిషన్ రాయకుండా వదిలేసిన కోడ్ లాగా. ఒక మాట కూడా చెప్పాలి. ఆ బృందంలో స్టెర్న్ అలెర్గాన్ ఉద్యోగి. మందు అమ్మే కంపెనీయే మందుకి కారణం చూపించే సైన్స్‌లో ఉంది. అందుకని ఫలితం తప్పని కాదు, ఆ తర్వాత వేరే ల్యాబ్‌లు, హార్వర్డ్‌లో రెజా డానా బృందం లాంటివి, టీ కణాల పాత్రని వేరే దారుల్లో చూపించాయి. కానీ వినేటప్పుడు ఇది మనకి తెలిసి ఉండాలి.

వాపే కారణమైతే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే సరిపోదా అని అడుగుతారు. వేస్తారు, తొందరగా పనిచేస్తాయి కూడా. కానీ నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం రావచ్చు. అందుకే డాక్టర్లు మొదట కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇచ్చి, ఈలోపు సైక్లోస్పోరిన్ అందుకునేలా చేస్తారు. దయచేసి మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడకండి. చూపు పోగొట్టుకునే దారి అది.

రెండో ఇమ్యూనిటీ మందు 2016 జులైలో వచ్చింది, లిఫిటెగ్రాస్ట్. ఇది టీ కణం కేకని ఆపదు, దాని చేతిని ఆపుతుంది. టీ కణం మీద ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే కొక్కెం ఉంటుంది, వాచిన కంటి కణాల మీద ఐకామ్-1 అనే రింగు ఉంటుంది. కొక్కెం రింగుకి తగులుకుంటేనే టీ కణం అక్కడ ఆగి దాడి మొదలుపెడుతుంది. లిఫిటెగ్రాస్ట్ ఒక దొంగ రింగు, కొక్కెంలో ముందే ఇరుక్కుంటుంది. ఇదే కొక్కెం మీద గురిపెట్టిన ఎఫాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ సోరియాసిస్‌కి ఉండేది. మెదడుకి వచ్చే అరుదైన, ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ కేసుల వల్ల 2009లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒళ్లంతా కొక్కేలు మూసేస్తే అదీ ప్రమాదం. చుక్కల రూపంలో కంటికే పరిమితం చెయ్యడంలో ఉన్న తెలివి అదే. మీ సైక్లోస్పోరిన్ భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. కిడ్నీ మార్పిడి రోగి రోజూ మింగేది మిల్లీగ్రాముల్లో వందలు. 0.05 శాతం చుక్క ఒక్కోదానిలో ఉండేది మిల్లీగ్రాములో చిన్న వంతు. రక్తంలో కొలవగలిగేంత కూడా చేరదు. చుక్క వేస్తే మండుతుంది, కళ్లు ఎర్రబడొచ్చు. లిఫిటెగ్రాస్ట్‌తో అయితే నోట్లో వింత రుచి వస్తుంది, కంటినించి ముక్కులోకి, ముక్కునించి గొంతులోకి దిగి.

ఇప్పుడు డబ్బు. రెస్టాసిస్ అమ్మకాలు ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటాయి. అది ఇంకా పెద్దది కాకముందే, 2003లో, యూనివర్సిటీ తరఫున పేటెంట్లు చూసే ఫౌండేషన్ భవిష్యత్తులో రావాల్సిన రాయల్టీలో చాలా భాగాన్ని అలెర్గాన్‌కే ఒక్కసారిగా రెండు కోట్ల డాలర్లకి పైగా మొత్తానికి అమ్మేసింది. కనిపెట్టిన కాస్వాన్‌కి చెప్పకుండా చేశారని ఆవిడ ఆరోపణ, ఏళ్ల తరబడి కోర్టులు. తర్వాత ఆవిడ కనిపెట్టినవాళ్ల హక్కుల కోసం పనిచేయడం మొదలుపెట్టింది.

ఇంకో పక్క 2014లో పాత పేటెంట్ గడువు తీరిపోయింది. అలెర్గాన్ కొత్త పేటెంట్లు తీసుకుని 2024 దాకా సాగదీద్దామని చూసింది. చవక మందు కంపెనీలు వాటిని సవాలు చేశాయి. అప్పుడు 2017 సెప్టెంబర్‌లో అలెర్గాన్ చేసిన పని చూడండి. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన కెనడా సరిహద్దులో ఉండే సెయింట్ రెజిస్ మోహాక్ అనే ఆదివాసీ తెగకి పేటెంట్లు రాసిచ్చి, మళ్లీ వాళ్ల దగ్గరే లైసెన్సు తీసుకుంది. తెగకి ముందుగా 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు, ఏటా 1.5 కోట్ల డాలర్ల దాకా. ఎందుకు? ఆ తెగలకి చట్టంలో సార్వభౌమ రక్షణ ఉంది కాబట్టి పేటెంట్ ఆఫీసు విచారణ వాళ్ల మీద చెల్లదని వాదించడానికి. నెల తిరగ్గానే అక్టోబర్‌లో జడ్జి విలియం బ్రైసన్ ఆ పేటెంట్లు చెల్లవని వేరే కేసులో తీర్పిచ్చారు. 2018లో అప్పీల్ కోర్టు ఆ సార్వభౌమ వాదన కూడా కుదరదంది. అయినా మొదటి జెనెరిక్‌కి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2022 ఫిబ్రవరిలో. నాకు ఆ తెగ మీద కోపం లేదు, వాళ్లకి డబ్బు అవసరం. కానీ ఆ ఏళ్లంతా నెలకి వందల డాలర్లు పోసి ఆ సీసా కొన్నవాళ్లు, కొనలేక ఆపేసినవాళ్లు ఉన్నారు కదా.

మన దగ్గర పరిస్థితి వేరు. మన కంపెనీలు సైక్లోస్పోరిన్ చుక్కలు చాలాకాలంగా చేస్తున్నాయి, ధర అమెరికాతో పోలికే లేదు. అంతేకాదు, 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన సెక్వా అనే 0.09 శాతం మందు మన సన్ ఫార్మాది. అందులో ఆముదం లేదు, నూనె బదులు నానో సైజు గోళాల్లో మందుని దాచి నీళ్లలో కలిపారు. బోరెల్ ఆల్కహాల్‌తో తంటాలు పడ్డ ఆ కరగని గుణమే ఇంకా అందర్నీ పరిగెత్తిస్తోంది.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు తమ కేంద్రాల్లోని సుమారు 14.5 లక్షల మంది రోగుల కంప్యూటర్ రికార్డులు వెతికి చూస్తే డ్రై ఐ అని తేలినవాళ్లు ఒకటిన్నర శాతం దగ్గర వచ్చారు. చిన్న అంకెలా ఉంది గానీ, మన దగ్గర బాగా ముదిరిన రకం వెనక ఇంకో ఇమ్యూనిటీ ప్రమాదం ఉంది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, ఏదో మాత్ర పడక ఒళ్లంతా బొబ్బలెక్కే రియాక్షన్. ప్రాణం దక్కినా కళ్లు ఎండిపోతాయి. అక్కడ గ్రంథే మిగలకపోతే ఏ చుక్కా నిద్రలేపలేదు. అలాంటివాళ్లకి అదే ఆసుపత్రిలో పెదవి లోపలుండే చిన్న లాలాజల గ్రంథుల్ని తీసి కంటి రెప్ప లోపల అతికిస్తున్నారు. అవును, ఆ కుక్కల ఆపరేషన్‌కి చుట్టమే. కాకపోతే ఈ చిన్న గ్రంథులు అన్నం చూసి ధార కట్టవు, రోజంతా కొద్దికొద్దిగా ఊరుతుంటాయి.

కామెంట్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పి ఆపేస్తా. రోజంతా స్క్రీన్ ముందుండే మనందరికీ ఈ మందు కావాలా? అక్కర్లేదు. స్క్రీన్ చూసేటప్పుడు రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది, కొట్టినా సగమే మూస్తాం. చాలామందికి సమస్య రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోవడం, దానికి వేడి కాపడం, శుభ్రం చేసుకోవడం ముందు. ఇమ్యూనిటీ చుక్కలు లూప్ మొదలైపోయినవాళ్లకి. మీరు ఆ గుంపులో ఉన్నారో లేదో చెప్పాల్సింది మీ కంటి డాక్టర్. వెళ్లినప్పుడు నోరు కూడా ఎండిపోతోందా, కీళ్లు పట్టేస్తున్నాయా అన్నది ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. షోగ్రెన్ 19 మందిని పోగుచేసింది ఆ రెండు ప్రశ్నలతోనే.